నల్లరేగడి మీద నాలుగు స్తంభాలు: మా గ్యారేజీ లిఫ్ట్ డైరీ

ఫిబ్రవరి

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా ఇల్లు. గ్యారేజీలో పట్టేది రెండు కార్లు, ఉన్నవి మూడు. మా ఆవిడ నడిపే ఒడిస్సీ మినీవ్యాన్, నేను ఆఫీసుకు వెళ్లే క్యామ్రీ, వీకెండ్ వస్తే నేను చేతులు మసి చేసుకునే 1992 మియాటా అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. మూడోది బయట పెట్టొచ్చు కదా అంటారు. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడ వడగళ్ల కాలం. ఒక్కోసారి నిమ్మకాయంత పడతాయి, మర్నాడు వీధి మొత్తం ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్లు చేస్తూ ఉంటుంది. మియాటా పైకప్పు గుడ్డది, దాన్ని బయట వదిలే ప్రశ్నే లేదు.

కాబట్టి కారును పైకెత్తి నిలిపే లిఫ్ట్ ఒకటి కావాలి, అదీ రెండు పనులకు. మామూలు రోజుల్లో మియాటా పైన, క్యామ్రీ దాని కింద. వీకెండ్లో క్యామ్రీని బయటికి తీసి, మియాటా కింద నేను నిలబడి పని చేసుకోవాలి. ఇన్నాళ్లూ ఫ్లోర్ జాకు, నాలుగు స్టాండ్లు, వీపు కింద అట్టముక్క. 2020లో ఇక్కడ ఒక పెద్ద టూల్స్ దుకాణాల సంస్థ తన జాక్ స్టాండ్లను లక్షల్లో వెనక్కి పిలిచింది. బరువు పడితే లోపలి పళ్లు పట్టు వదిలే ప్రమాదం ఉందని తేలింది. నావి వేరే కంపెనీవే, అయినా ఆ వార్త చదివాక కారు కింద దూరిన ప్రతిసారీ ఒకటే టెన్షన్.

లిఫ్ట్ కొనాలనుకున్న వాళ్లందరూ ముందు చూసేది ఎన్ని పౌండ్లు ఎత్తుతుంది, ఎంత ధర అని. నా ఉద్దేశంలో అవి ఆఖర్న చూడాల్సినవి. ఇళ్లలోకి వచ్చే స్తంభాల లిఫ్టుల్లో చాలావరకు 7,000, 9,000 పౌండ్లు ఎత్తుతాయి. 9,000 పౌండ్లంటే నాలుగు టన్నుల పైచిలుకు, మియాటా బరువు టన్ను. అసలు పేచీ నేలతోనూ, పైకప్పుతోనూ, గ్యారేజీ తలుపుతోనూ.

ఫిబ్రవరి, నేల సంగతి

నా మనసంతా మొదట రెండు స్తంభాల లిఫ్ట్ మీదే ఉండేది. నాలుగు చేతులు కారు అంచుల కింద పట్టుకుని ఎత్తుతాయి, చక్రాలు గాల్లో వేలాడతాయి. బ్రేకులు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ ఏది దించాలన్నా అడ్డం ఉండదు. మెకానిక్ షెడ్లలో అదే ఎక్కువగా కనిపించేది ఊరికే కాదు.

దాని ఇబ్బంది ఏమిటంటే బరువంతా స్తంభం లోపలి వైపు, చేతుల చివర ఉంటుంది. స్తంభం లోపలికి వాలాలని చూస్తుంది. దాన్ని ఆపేది అడుగున ఉన్న యాంకర్ బోల్టులు మాత్రమే. బయటి వైపు బోల్టులను ఆ బరువు నేలలోంచి పెరకాలని లాగుతూ ఉంటుంది. అందుకే చాలా మోడళ్ల మాన్యువళ్లలో కనీసం 4 అంగుళాల మందం, 3,000 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం ఉన్న కాంక్రీటు, పోసి 28 రోజులు నిండినది ఉండాలని రాస్తారు. ముప్పావు అంగుళం బోల్టు కోసం ఆ కాంక్రీటులోకి లోతుగా బెజ్జాలు వేయాలి.

మా గ్యారేజీ తలుపు దగ్గర నేల మీద అచ్చు వేసి ఉంటుంది: పోస్ట్ టెన్షన్ స్లాబ్, కోయరాదు, తొలచరాదు. ఇల్లు కొన్న రోజు నుంచీ దాని మీదుగా కారు పోనిస్తూనే ఉన్నాను. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని చదివితే గానీ దాని బరువు తెలియలేదు.

డాలస్ చుట్టుపక్కల నేల నల్లరేగడి. మన గుంటూరు, కర్నూలు చేలల్లో ఉన్న బాపతే. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుకుంటుంది. హ్యూస్టన్ బ్లాక్ అనే ఈ మట్టి రకాన్ని టెక్సాస్ తన రాష్ట్ర మట్టిగా పెట్టుకుంది. ఎండాకాలంలో ఇక్కడి వాళ్లు ఇంటి పునాది చుట్టూ చెమ్మగొట్టం పరిచి నీళ్లు పెడతారు. మొదటిసారి చూసినప్పుడు గోడకు నీళ్లు పెట్టడమేమిటని నవ్వుకున్నాను. గోడకు కాదు, మట్టి ఎండి పునాది కింద ఖాళీ పడకుండా.

ఇలాంటి మట్టి మీద ఇంటికి పునాదిగా పోసే కాంక్రీటు స్లాబును ఉక్కు తీగల తాళ్లతో బిగించి కడతారు, పోస్ట్ టెన్షన్ అంటే ఇదే. ఏడు తీగలు పేనిన ఒక్కో తాడు అర అంగుళం మందం. కాంక్రీటు గట్టిపడ్డాక జాకుతో లాగి, సుమారు 33,000 పౌండ్ల బిగువులో, అంటే 15 టన్నుల లాగుడులో, అంచున బిగించేస్తారు. ఇంటి బయట స్లాబు అంచున వరసగా కనిపించే గుండ్రటి సిమెంటు మాత్రలు ఆ తాళ్ల చివరలే. డ్రిల్లు పోయి ఒక తాడుకు తగిలి అది తెగిందా, ఆ బిగువంతా ఒక్కసారిగా వదులుతుంది. కాంక్రీటు పగిలి తాడు పైకి లేవచ్చు, చివర నుంచి బయటికి దూసుకురావచ్చు. మనిషికి ప్రమాదం, ఇంటికీ ప్రమాదం.

రాడార్ యంత్రంతో నేలను స్కాన్ చేసి తాళ్లు ఎక్కడున్నాయో సుద్దతో గీసి ఇచ్చే వాళ్లున్నారు. అడిగాను. తాడు తప్పించి బెజ్జం వేయడం సాధ్యమేనట. కానీ స్తంభం నిలబడాల్సిన చోటే తాడు పోతుంటే ఏం చేస్తాం? పైగా పల్చటి స్లాబు మీద ఆ పెరికే బలం పడటానికి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం కావాలి. నా టన్ను బరువు కారు కోసం ఇంటి పునాదితో పందెం కాయడం నాకిష్టం లేదు. రెండు స్తంభాల ఆలోచన అక్కడితో సరి. విప్పి పక్కన పెట్టుకునే చిన్న రకం రెండు స్తంభాల లిఫ్టులు కూడా ఉన్నాయి గానీ, వాటికీ నేలలో యాంకర్లు దించాలి.

అదే వారం మా బావ వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాడు. విజయవాడ ఆటోనగర్లో ఆయనకు షెడ్డు ఉంది. గ్యారేజీ అంతా తిప్పి చూపించాను.

"ఏంటి బావా ఈ గోల, శుభ్రంగా గొయ్యి తవ్వించుకోక? మా నాన్న హయాం నుంచీ పిట్‌లోనే దిగుతున్నాం."

"తవ్వితే ఇల్లే దిగుద్ది బావా" అని తాళ్ల సంగతి చెప్పాను.

కాసేపు ఆలోచించి, "అయితే వద్దులే. అయినా మూసిన గ్యారేజీలో పిట్ మంచిది కాదు. పెట్రోలు ఆవిరి కిందకి దిగి కూర్చుంటది. మాది నాలుగు వైపులా తెరిచిన షెడ్డు కాబట్టి సరిపోయింది" అన్నాడు. నిజమే, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. గోతిలో చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

మార్చి

నేలలో బెజ్జం పడకూడదని తేలాక మిగిలినవి మూడు.

క్విక్‌జాక్ లాంటివి రెండు ఉక్కు ఫ్రేములు. కారు కిందకి తోసి, హైడ్రాలిక్ పంపుతో రెండడుగుల దాకా ఎత్తుకోవచ్చు. పనయ్యాక గోడకు చేరేయొచ్చు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు, పైకప్పు తక్కువున్న వాళ్లకు ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు. ధర కూడా తక్కువ. కానీ కారు కింద ఇంకా పడుకునే పని చేయాలి, కింద మరో కారు పట్టదు.

నడుం ఎత్తు దాకా లేచే కత్తెర లిఫ్ట్ టైర్లకూ బ్రేకులకూ బ్రహ్మాండం. దాని మెకానిజం కారు నడిమధ్యలోనే ఉంటుంది కాబట్టి గేర్‌బాక్సు, సైలెన్సరు పైపు దగ్గరికి చెయ్యి పోదు. నాకు పనికిరాదు.

ఇక నాలుగు స్తంభాలది. కారు రెండు పట్టాల మీదకి ఎక్కుతుంది, పట్టాలు నాలుగు మూలలా లేస్తాయి. బరువు నిట్టనిలువుగా నాలుగు ప్లేట్ల మీద పడుతుంది, పక్కకి వాలే గొడవ ఉండదు. ఇంటి వాడకానికి అమ్మే చాలా మోడళ్లను నేలకు బిగించకుండా ఊరికే నిలబెట్టుకోవచ్చని తయారీదారులే రాస్తారు. స్లాబు దీన్ని మోస్తుందా అని లెక్క వేశాను. లిఫ్ట్ ఏడు వందల కిలోలు అనుకుందాం, మియాటా వెయ్యి. 1,700ని నాలుగుతో భాగిస్తే స్తంభానికి 425 కిలోలు. మా ఒడిస్సీ రెండు టన్నులు, ఒక్కో చక్రం కింద 500 కిలోల పైనే. అది రోజూ అదే నేల మీద నిలబడుతోంది. లిఫ్ట్ మీదకి ఒడిస్సీ ఎక్కిస్తే ఈ లెక్క మారిపోతుంది, అందుకే దాన్ని ఎక్కించనని మా ఆవిడకూ చెప్పాను. ఆవిడ అసలు అడగలేదనుకోండి.

నాలుగు స్తంభాలదానికీ లోపం ఉంది. చక్రాలు పట్టాల మీదే ఉంటాయి. బ్రేకు పని చేయాలంటే పట్టాల మధ్య జారే బ్రిడ్జ్ జాక్ విడిగా కొనాలి. అది చవకేం కాదు.

మార్చి, పైకప్పు, తలుపు

నేల నుంచి పైకప్పు 124 అంగుళాలు. క్యామ్రీ ఎత్తు 57, దానికీ పట్టాలకూ మధ్య ఖాళీ 4, పట్టాల మందం 5, మియాటా 48. మొత్తం 114. పది అంగుళాలు మిగిలింది. క్యామ్రీ బదులు కింద ఒడిస్సీ పెడదామంటే అది దాదాపు 69, మొత్తం 126 అవుతుంది. కుదరదు. స్పోర్ట్స్ కారు కాబట్టి బతికిపోయాను. రెండు ఎస్‌యూవీలు ఒకదాని మీద ఒకటి పెట్టాలంటే పన్నెండడుగుల పైకప్పు కావాల్సిందే.

ఆ పది అంగుళాలు చూసి సంతోషపడేలోపు గ్యారేజీ తలుపు గుర్తొచ్చింది. ఇక్కడి తలుపు పైకి లేచి, పట్టాల మీద జారి, పైకప్పుకు సమాంతరంగా పడుకుంటుంది. మా తలుపు ఏడడుగులది. తెరిచినప్పుడు ఏడున్నర అడుగుల ఎత్తులో గ్యారేజీలోకి ఏడడుగులు చొచ్చుకొస్తుంది. మోటారు పట్టీ ఇంకా లోపలిదాకా, సరిగ్గా మియాటా ఉండాల్సిన చోటు మీదుగా పోతుంది.

దీనికి మందు హై లిఫ్ట్ ట్రాక్. తలుపు మలుపు తిరగకముందు మరో రెండడుగులు నిలువుగా లేస్తుంది. దాంతో పడుకునే భాగం లోపలికి ఐదడుగులే వస్తుంది. గ్యారేజీ లోతు 22 అడుగులు, మియాటా పొడవు 13. వెనక గోడ దగ్గర రెండడుగులు వదిలినా ముందు ఏడడుగులు మిగులుతుంది, తలుపు దానికి తగలదు. మోటారును పైకప్పు నుంచి తీసేసి, తలుపు పక్క గోడకు బిగించే రకం పెట్టించాలి. అది నేరుగా తలుపు పై కడ్డీని తిప్పుతుంది.

హై లిఫ్ట్ అంటే పట్టాలు మార్చడమే కాదు. కేబుల్ చుట్టుకునే డ్రమ్ములు మారాలి, స్ప్రింగు లెక్క మారాలి. ఆ స్ప్రింగులు చుట్టి బిగించి ఉంటాయి, చేతులు విరగ్గొట్టగలవు. ఇది మాత్రం తలుపుల పని చేసేవాళ్లకే ఇచ్చాను. వాళ్లు మధ్యాహ్నానికి ముగించేశారు.

ఏప్రిల్, లేబుల్ వేట

ఒక మూతబడ్డ షెడ్డు సామాను అమ్మకంలో నాలుగు స్తంభాల లిఫ్ట్ కారుచవకగా దొరుకుతోందని మిత్రుడు ప్రకటన పంపాడు. ఫొటోలో మోటారు ప్లేటు పెద్దది చేసి చూస్తే త్రీ ఫేజ్. ఇక్కడ ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్. మోటారు మార్చుకోవచ్చు గానీ, ఇరవై ఏళ్లు ఆయిల్ తాగిన కేబుళ్ల వయసు ఎవరు చెప్తారు? వద్దనుకున్నాను.

కొత్తవాటిలో చూసుకోవాల్సింది ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్, అంటే ఏ.ఎల్.ఐ. వాళ్ల బంగారు రంగు లేబుల్. బయటి ల్యాబులో ఆ మోడల్‌ను పరీక్షించి, ప్రమాణాలకు నిలబడితేనే ఆ లేబుల్ ఇస్తారు. ఇక్కడే ప్రకటనలు భలే తెలివిగా ఉంటాయి. "ఏ.ఎల్.ఐ. ప్రమాణాలకు తగ్గట్టు తయారైంది" అని ఒకరు రాస్తారు, పరీక్షకు మాత్రం పంపరు. ఇంకొకరు ఈ.టి.ఎల్. ముద్ర చూపిస్తారు. తీరా చూస్తే అది మోటారుకు మాత్రమే వచ్చిన కరెంటు సర్టిఫికెట్, లిఫ్టుకు సంబంధం లేదు. ఏ.ఎల్.ఐ. డైరెక్టరీలో మోడల్ నంబరు కొట్టి చూడటమే దారి. ఒకే కంపెనీ మోడళ్లలో ఒకదానికి ఉండి పక్కదానికి లేకపోవడం కూడా చూశాను.

చివరికి 9,000 పౌండ్ల సామర్థ్యం, ఇళ్ల గ్యారేజీల కోసం వెడల్పు తగ్గించిన మోడల్ ఎంచుకున్నాను. వెడల్పు తగ్గితే కారు డోరు తెరిచినప్పుడు స్తంభానికి తగిలే ప్రమాదం ఉంటుంది. నేల మీద పెయింటర్ టేపుతో స్తంభాల చోటు అతికించి, అక్కడ అట్టపెట్టెలు నిలబెట్టి, క్యామ్రీని మధ్యలోకి తెచ్చి డోరు తీసి చూసుకున్నాను. డ్రైవర్ డోరు స్తంభాల మధ్యకు వచ్చేలా కారు ఆపితే నాలాంటి పొట్ట ఉన్నవాడు కూడా దిగొచ్చు. మియాటా చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి రెండు టైర్లూ పట్టాల మీద నిండుగా పడతాయా అన్నదీ టేపుతోనే తేల్చుకున్నాను.

కరెంటు విషయం చిన్నదే. 240 వోల్టులు, 30 ఆంపియర్లు, దానికంటూ విడి లైను. ప్యానెల్ గ్యారేజీలోనే ఉండటంతో ఎలక్ట్రీషియన్ సిటీ పర్మిట్ తీసుకుని వేసి వెళ్లాడు.

మే

లిఫ్ట్ ఇంటికి రాదు. వచ్చినా లారీ మీద నుంచి దించడానికి ఫోర్క్‌లిఫ్ట్ ఉండాలి. అందుకని ట్రైలర్ అద్దెకు తీసుకుని ఫ్రైట్ టెర్మినల్‌కే వెళ్లాను. మా వీధిలోని కరీంనగర్ తమ్ముడు తోడు వచ్చాడు. ఆ ఉక్కు కట్టను చూసి, "అన్నా, గిది మనతోని అయితదా?" అన్నాడు. అయితదని నాకూ నమ్మకం లేదు, అయితదనే చెప్పాను.

ఇంటి దగ్గర కట్టు విప్పి ముక్క ముక్కగా దించాం. స్తంభం ఒక్కొక్కటి ఇద్దరు మోయగలరు. పట్టాలకే నలుగురు కావాల్సి వచ్చింది, బిర్యానీ ఆశ చూపిస్తే వచ్చారు.

సుద్దదారంతో గీతలు కొట్టి, మూలకు మూల కొలిచి రెండు కర్ణాలూ సమానం చేశాం. అసలు పని ఆ తర్వాతే. ఇక్కడ గ్యారేజీ నేల నీళ్లు బయటికి పోయేలా తలుపు వైపు వాలుగా పోస్తారు. వెనక స్తంభాలకూ ముందు స్తంభాలకూ తేడా ఎంతో చూడటానికి లేజర్ ఉంది, కానీ నాకు మన మేస్త్రీల పద్ధతి మీదే గురి. పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్లు నింపి రెండు చివరలూ రెండు స్తంభాలకు ఆనించాం. తేడా అంగుళం పైనే వచ్చింది. లేజర్ కూడా అదే చెప్పింది.

ఆ తేడా మొత్తం అడుగున ఇనుప బిళ్లలు పేర్చి సరిచేయకూడదు. బిళ్లలు స్తంభం నిట్టనిలువుగా నిలబడటానికి మాత్రమే. మట్టం సరిచేయడానికి స్తంభం లోపల వేలాడే లాకుల నిచ్చెన ఉంటుంది. దాని పై నట్టు తిప్పి నిచ్చెనను పైకీ కిందకీ జరపాలి. ముందు రెండింటినీ ఎత్తాం, వెనక వాటిని ముట్టుకోలేదు.

కేబుళ్లు ఎక్కించి, ఐ.ఎస్.ఓ. 32 హైడ్రాలిక్ ఆయిల్ పోసి, కారు లేకుండానే పలుమార్లు పైకీ కిందకీ నడిపాను, గాలి బయటికి పోయేలా. ఒక సిలిండరే నాలుగు కేబుళ్లను లాగుతుంది. పట్టాలు లేస్తుంటే నాలుగు మూలల్లో లాకులు నిచ్చెన మెట్ల మీద ఒక్కొక్కటే పడుతూ టక్, టక్, టక్... కాస్త ఆగి టక్. నాలుగోది, కుడివైపు వెనకది, ప్రతి మెట్టు దగ్గరా ఆలస్యం. అక్కడి కేబుల్ మిగతా వాటి కంటే వదులుగా ఉందన్నమాట. కేబుల్ చివర నట్టును రెండు చుట్లు బిగించి మళ్లీ ఎత్తాను. ఇంకా కాస్త తేడా. మరో అర చుట్టు. ఈసారి నాలుగూ ఒకే దెబ్బలో పడ్డాయి. తమ్ముడు స్తంభానికి చెవి ఆనించి, "గిప్పుడు సెట్ అయింది అన్నా" అన్నాడు.

లాకుల సంగతి తెలియని వాళ్ల కోసం: పైకెత్తాక బటన్ వదిలేసి ఊరుకోకూడదు. కొంచెం కిందకి దించి నాలుగు లాకులూ మెట్ల మీద కూర్చున్నాయో లేదో కళ్లతో చూసుకోవాలి. అప్పుడు బరువు ఆయిల్ మీదా కేబుళ్ల మీదా కాకుండా ఉక్కు మెట్ల మీద ఉంటుంది. కింద నిలబడేది, కింద కారు పెట్టేది ఆ తర్వాతే. పిల్లలు బటన్ నొక్కకుండా బ్రేకర్ ఆపేసి తాళం వేస్తున్నాను.

మే, చివరి వారం

మియాటా ముక్కు కింద ఎత్తు తక్కువ, ఎక్కే ర్యాంపు దగ్గర గీసుకుంటోంది. ర్యాంపు ముందు రెండు చెక్కలు వేస్తే సరిపోయింది. పైకెత్తాను. కారు కొన్న తర్వాత దాని అడుగు భాగాన్ని నిలబడి చూడటం ఇదే మొదలు. పూర్వపు ఓనర్ల జాకుల పుణ్యమా అని రెండు వైపులా అంచు మడత వంగిపోయి ఉంది. గేర్‌బాక్స్ పక్కన క్లచ్ స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను తోసే భాగం, దాని రబ్బరు కింద తడి. వేలితో తుడిచి వాసన చూశాను, బ్రేక్ ఆయిలే. క్లచ్ పెడల్ ఎందుకు మెత్తబడుతోందో తెలిసిపోయింది.

పైన ఉన్న కారు ఆయిల్ కింద ఉన్న కారు మీద పడకుండా రెండు పట్టాల మధ్య ప్లాస్టిక్ ట్రేలు పెట్టాను. ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పడితే క్యామ్రీ పెయింట్ లేచిపోతుంది. స్లేవ్ సిలిండర్ ఆర్డర్ పెట్టాను. బ్రిడ్జ్ జాక్ మాత్రం దీపావళి సేల్స్ దాకా ఆగాలి, ఈలోపు చక్రాలు విప్పే పనులకు పాత జాకూ స్టాండ్లే గతి.